ముట్లుడుగు కాలమున మాటిమాటికి మరలివచ్చు సర్పి

ఆడపిల్ల పెద్దమనిషి యైననాడు మన యిండ్లలో పేరంటాండ్రను పిలిచి వేడుక జరుపుదురు. ముప్పదియైదేండ్ల పిమ్మట ఆ ముట్టే ఉడుగు దినములు వచ్చినప్పుడు మాత్రము ఇంటిలో ఎవరును ఆ మాట యెత్తరు. ఒళ్ళు ఆవిరులెత్తుట, నిద్రపట్టకుండుట, చిరాకు మున్నగునవి పదుగురి కంటబడునవి గనుక ఎట్లో బయటపడును. కాని ఆ కాలముననే కొందరు స్త్రీలకు మర్మస్థానమునందో, పిరుదులమీదనో, తొడలమీదనో, పెదవి యంచుననో చిన్నచిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి, పుండ్లై, మానిన కొన్ని వారములకే మరల లేచుచుండును. దీనిని ఇంటివారితో చెప్పుటకు సిగ్గు. భర్తతో చెప్పుటకు భయము. వైద్యునితో చెప్పుటకు మాట కరవు. ఈ బాధ యెట్టిదో, దీని నెట్లు అదుపులో నుంచుకొనవచ్చునో సోదరీమణులకును, వారి కుటుంబములవారికిని తెలుపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పేరులోని చిక్కు

పాశ్చాత్యవైద్యమున ఈ వ్యాధిని హెర్పీసందురు. ఈ పదము 'ప్రాకుట' యను అర్థముగల గ్రీకు క్రియనుండి పుట్టినది. సంస్కృతమందలి సర్పశబ్దమునకును దీనికిని మూలమొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కనుక తెలుగున దీనిని సర్పి యనుట చక్కగా పొసగియున్నది.

అయితే తరతరములుగా పొరుగుభాషల నడుమ నివసించుచున్న మనకు ఇచ్చట నొక చిక్కు గలదు. కన్నడమున 'సర్పసుత్తు' అనియు, మరాఠీలో 'నాగీణ్' అనియు, తమిళమున 'అక్కి' అనియు వాడుకలో నున్న మాటలు సామాన్యముగా వేరొక వ్యాధిని తెలుపును. దానికి వైద్యులు జోస్టరని పేరిడిరి. చిన్ననాడు ఆటలమ్మను కలిగించిన వైరసే నరములలో దాగియుండి, పెద్దతనమున శరీరమునకు ఒక ప్రక్కన మొలనూలువలె పట్టీగా పొక్కులను లేపుట దాని లక్షణము. దానికి నొప్పి మిక్కుటము. పలువురకు జీవితములో నొక్కసారియే వచ్చును. ఈ పాము తలయు తోకయు కలిసినచో ప్రాణాపాయమను భయము కొన్నిచోట్ల నున్నది గాని అది నిజము కాదు.

సర్పి వైరసు ఆ కుటుంబములోనిదే యైనను దానికంటె వేరైనది. ఒకేచోట, లేదా దాని దాపున, ఏటికి పలుమార్లు లేచుట దీని గుణము. బళ్ళారిలోనో, షోలాపురములోనో వైద్యునియొద్ద "నాకు సర్పసుత్తు", "నాకు నాగీణ్" అని మాత్రము చెప్పినచో ఆయన మనస్సు జోస్టరుపైకి పోవును. కావున పేరు చెప్పుటకంటె, పొక్కులెచ్చట లేచినవి, ఎన్నిసార్లు లేచినవి, లేచుటకు ముందేమి తోచినది యను మూడు సంగతులు చెప్పుట మేలు. తమిళదేశమున అక్కికి కుమ్మరివారిచేత కావిమన్ను పూయించు ఆచారము గలదు. పగిలిన పుండ్లపై మన్ను పూసినచో వేరు క్రిములు చేరి చీము పట్టవచ్చును గనుక అది తగదు.

వైరసు దాగు చోటు

సర్పి వైరసులు రెండు రకములు. మొదటిది ఎక్కువగా నోటిచుట్టును, రెండవది ఎక్కువగా మర్మస్థానమునను కనిపించును. కాని మొదటి రకము మర్మస్థానమునకు వచ్చుటయు నేడు సాధారణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన అంచనా ననుసరించి 50 ఏండ్ల లోపువారిలో సుమారు 380 కోట్లమందికి, అనగా నూటికి 64 మందికి, మొదటి రకము సోకియున్నది. 15 నుండి 49 ఏండ్ల మధ్యవారిలో సుమారు 52 కోట్లమందికి, అనగా నూటికి 13 మందికి, రెండవ రకము సోకియున్నది. ఇంతమందికి గల దానిని ఒక్కరి పాపఫలముగా నెంచుట అవివేకము.

ఒకమారు సోకిన వైరసు చర్మమునందు మానినను శరీరమును విడువదు. స్పర్శనాడుల వెంబడి లోనికి పోయి, నోటిదైనచో పుఱ్ఱెలోని నాడీగ్రంథియందును, మర్మస్థానముదైనచో నడుము క్రింద వెన్నెముక చెంతనున్న నాడీగ్రంథులయందును నిద్రించును. అనుకూలసమయము వచ్చినపుడు అదే నాడివెంట చర్మమునకు దిగివచ్చును. పొక్కు లేవకయే వైరసు చర్మముపై కొలదిగా వెలువడు దినములును గలవు. పలువురకు సోకినట్లే తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట మొదటిసారి పొక్కులు కనిపింపవచ్చును.

ఈ చివరి సంగతి కుటుంబములవారు బాగుగా గ్రహింపదగినది. నలువదియెనిమిదేండ్ల యిల్లాలికి మొదటిసారి సర్పి కనిపించినంతమాత్రమున ఆమెగాని, ఆమె భర్తగాని ఇటీవల తప్పుదారి త్రొక్కిరని చెప్పుటకు వీలులేదు. ఎప్పుడు సోకినదో, ఎవరినుండి సోకినదో తెలుపగల పరీక్ష యేదియు లేదు. ఈ యొక్క విషయము తెలియకపోవుటచే పచ్చని కాపురములలో అనుమానము ప్రవేశింపవచ్చును.

ముట్లుడుగుటకును దీనికిని గల సంబంధము

పండ్రెండు మాసములు వరుసగా ముట్టు లేకున్నచో ముట్లుడిగినవని వైద్యులు నిర్ణయింతురు. భారతీయస్త్రీలకు ఇది సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున జరుగుచున్నది. దానికి ముందు కొన్ని సంవత్సరములు అండాశయముల పని క్రమము తప్పును. ఈస్ట్రోజెను అను రసము ఒకనెల హెచ్చి, మరియొకనెల తగ్గుచుండును. అండము విడుదల కాని నెలలలో ప్రొజెస్టెరోను అను రెండవ రసము తగినంత పుట్టదు.

ఈ మార్పులే నేరుగా వైరసును మేల్కొల్పునా యనునది ఇంకను తేలలేదు. జంతువులపై చేసిన ప్రయోగములలో ఈ రసముల ప్రభావము కనబడినది గాని, స్త్రీల విషయమున లభించిన ఆధారము స్వల్పము. 1999లో ప్రకటితమైన యొక పరిశీలనలో, వారమునకు మించి నిలిచిన మనోవ్యథకును సర్పి మరలుటకును సంబంధము కనబడినది. ఋతుచక్రములోని దశలకు అట్టి సంబంధము కనబడలేదు. అందు పాల్గొన్నవారు ముట్లుడుగు వయస్సునకు లోపలివారు.

కాని పరోక్షసంబంధములు స్పష్టముగా నున్నవి. ఈస్ట్రోజెను తగ్గినకొలది యోనిచర్మము పలుచబడి, తడి తగ్గి, ఒరపిడికి సులభముగా చిట్లును. అచ్చటి పులుపుగుణము తగ్గి, రక్షణ నిచ్చు సూక్ష్మజీవులు క్షీణించును. ఒరపిడియు, గాయమును సర్పిని లేపు కారణములలోనివి. రాత్రులందు ఆవిరులవలన నిద్ర చెడును. ఎదిగిన పిల్లల చదువులు, పెండ్లిండ్లు, ముసలి అత్తమామల సేవ ఆ వయస్సుననే మీదబడును. నిద్రలేమి, ఎడతెగని దిగులు, జ్వరము, పెదవిసర్పి విషయమున తీవ్రమైన యెండ - ఇవన్నియు దానికి దారి తీయగలవు.

ఇంకొక కారణమును గలదు. "ముట్టుకు రెండునాళ్ళ ముందు వచ్చును" అని గుర్తెరిగి జాగ్రత్తపడుచుండిన స్త్రీకి, ముట్టే క్రమము తప్పినప్పుడు ఆ గడియారము పోవును. వ్యాధి హెచ్చకున్నను ఎప్పుడు వచ్చునో తెలియకపోవుటచే హెచ్చినట్లు తోచును. కావున గోడపంచాంగముపై ముట్టు వచ్చిన తేదీకి ఒక గుర్తును, పొక్కులకు ఒక గుర్తును, నిద్రలేని రాత్రికి ఒక గుర్తును మూడునాలుగు నెలలు వేసికొన్నచో తన శరీరపు తీరు తనకే తెలియును. వైద్యునికిని అది గొప్ప సహాయము.

చికిత్స

వైరసును సమూలముగా తొలగించు మందుగాని, దీనిని రాకుండ నివారించు టీకాగాని ఇంతవరకు లేదు. యాబదేండ్లు దాటినవారికి వేయు టీకా జోస్టరునకే గాని సర్పికి కాదు. అయినను దీనిని చక్కగా అణచు మందులు గలవు. వానిలో మొదటిది ఎసైక్లోవిరు. దీనిని రూపొందించిన పరిశోధకబృందమునకు నాయకురాలగు గెర్ట్రూడ్ ఎలియన్ అను విదుషీమణికి, మరి యిద్దరు శాస్త్రజ్ఞులతో కూడ, 1988లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఈ మందు వైరసు పట్టిన కణములోననే ప్రధానముగా పనిచేయునట్టిది గనుక తక్కిన శరీరమునకు హాని స్వల్పము. వాలసైక్లోవిరు, ఫాంసైక్లోవిరు అనునవి దీని తరువాత వచ్చినవి.

వీనిని వాడు విధములు రెండు. మొదటిది, వచ్చినప్పుడు మాత్రమే వాడుట. పొక్కు లేచుటకు ముందు ఆ చోట చిమచిమ, మంట, దురద, తొడలోనికి దిగు పోటు తోచును. అప్పుడే, లేదా పొక్కు లేచిన ఒక దినము లోపలనే, మందు మొదలిడినచో బాధ త్వరగా తగ్గును. కనుక వైద్యుని చీటితో మందును ముందుగా ఇంటనుంచుకొనుట మంచిది. రెండవది, ప్రతిదినము వాడి రాకుండ నాపుట. తరచుగా వచ్చువారికి దీనివలన రాకలు నూటికి 70 మొదలు 80 వంతుల వరకు తగ్గును. ఎసైక్లోవిరు 400 మిల్లీగ్రాములు దినమునకు రెండుమార్లు, లేదా వాలసైక్లోవిరు 500 మిల్లీగ్రాములు ఒకమారు వాడుట సామాన్యక్రమము. మూత్రపిండముల జబ్బు గలవారికి మోతాదు తగ్గింపవలసియుండును గనుక వైద్యుడు చెప్పక స్వయముగా వాడరాదు. ముట్లుడుగు ఒడుదుడుకుల కాలమంతయు నిట్లు గడుపుకొని, ఏడాదికొకసారి వైద్యునితో ఆలోచించి ఇంకను అవసరమా కాదా యని నిర్ణయించుకొనవచ్చును. సామాన్యముగా ఏండ్లు గడచినకొలది సర్పి రాకలు తగ్గుచుండును.

ఎండిపోయిన యోనిచర్మమునకు వైద్యులు ఈస్ట్రోజెను లేపనము నిచ్చుట గలదు. అది సర్పికి మందు కాదు. చర్మము చిట్లకుండ కాపాడును. రొమ్ముక్యాన్సరు వచ్చియున్నవారు, రక్తము గడ్డకట్టు జబ్బు గలవారు ఆ సంగతి తప్పక ముందుగా చెప్పవలెను.

ఇంటనుండి చేసికొనదగినవి కొన్ని గలవు. ఆ చోటును గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తగా అద్ది ఆరనీయవలెను. వదులైన నూలుబట్టలు కట్టవలెను. మూత్రవిసర్జనవేళ మంటపెట్టినచో నీరు పోసికొనుచు విసర్జించిన ఉపశమించును. పుండును తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. ఆ చేతితో కన్ను తాకరాదు. సున్నము, పసుపు, నిమ్మరసము పూయరాదు. మందులకొట్టులో అడిగి తెచ్చుకొను దురదలేపనములు పెక్కింటిలో స్టెరాయిడు కలిసియుండును. అవి ఈ పుండ్లకు కీడు చేయును.

అన్నియు సర్పి కావు

ఈ వయస్సున ఆ చోట కలుగు ప్రతి మంటయు, ప్రతి పుండును సర్పియే యనుకొనరాదు. మధుమేహము గలవారికి బూజువలన దురదయు పగుళ్ళును కలుగును. చర్మము తెల్లబడి పలుచనగు వ్యాధియు నున్నది. పుండు మూడు వారములలో మానకున్నను, గట్టిపడినను, ముట్లుడిగిన పిమ్మట రక్తము కనిపించినను ఆలస్యము చేయక చూపించుకొనవలెను. అది క్యాన్సరు కావచ్చును. క్రొత్తపుండునుండి తీసిన రసమును పీసీఆర్ పద్ధతిని పరీక్షించుట సర్పిని నిర్ణయించుటకు ఉత్తమము. రాకలు మిక్కిలి తీవ్రముగానో, ఎడతెగకనో యున్నచో మధుమేహమునకును, హెచ్.ఐ.వి.కిని పరీక్ష చేయించుట మంచిది.

దంపతులు, మనుమలు

పొక్కులున్న దినములందును, ముందు చిమచిమ తోచిన దినములందును దాంపత్యమునకు దూరముగా నుండవలెను. తొడుగు వాడుటవలన అపాయము తగ్గును గాని పూర్తిగా పోదు. ప్రతిదినము వాలసైక్లోవిరు వాడుటచే భాగస్వామికి సోకు అవకాశము సుమారు సగమునకు తగ్గినట్లు 2004లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఈ సంగతులు భార్యాభర్తలు కలిసి వైద్యునియొద్ద వినుట ఉత్తమము.

ఈ వయస్సుననే మనలో పలువురు అమ్మమ్మలు, నానమ్మలు అగుదురు. పురిటింట పసిబిడ్డను ఒడిలో వేసికొని ముద్దాడుట మన సంతోషములలో మొదటిది. పెదవిపై పొక్కు లేచినవారు, అది పూర్తిగా మానువరకు, నెలలు నిండని పసికందును ముద్దు పెట్టుకొనరాదు. పెద్దవారికి నాలుగునాళ్ళ మంటయైన వైరసు పురిటిబిడ్డకు ప్రాణాంతకము కాగలదు. పొక్కు కప్పుకొని, చేతులు కడుగుకొని, ఎత్తుకొనుటకు అభ్యంతరము లేదు.

పెద్దవారికి సర్పి సామాన్యముగా ప్రాణము తీయు వ్యాధి కాదు. దానిని దాచిపెట్టు సిగ్గే పెక్కు యిక్కట్లకు మూలము. కనుక కోడండ్రు అత్తలను, కూతుండ్రు తల్లులను ఈ దినములలో ఒకమారు అడుగుదురుగాక: "అమ్మా, నీ ఒంట్లో ఎట్లున్నది?" ఆసుపత్రిలో ఆ ప్రాంతపు భాష రాని తల్లికి ప్రక్కన నిలిచి రెండు మాటలు చెప్పిపెట్టుటయు వారు చేయగల గొప్ప ఉపకారమే.