కొలనులో దీపం, గోడమీద బ్రేకరు: తప్పు ఎక్కడుంది?

వేసవి సాయంత్రం. అపార్ట్‌మెంట్ల ఆవరణలో ఉన్న ఈతకొలనులో పిల్లలు ఈదుతున్నారు. చీకటి పడుతోందని వాచ్‌మన్ నీటిలోని దీపాల స్విచ్చు వేశాడు. దీపాలు ఒక్కసారి మెరిశాయి. వెంటనే బోర్డులో 'టక్'మని చప్పుడు, ఆ పైన చీకటి. బ్రేకరు పడిపోయింది. పైకి లేపితే మళ్లీ పడిపోయింది.

చుట్టూ చేరినవారిలో ఒకాయన "బ్రేకరు పాడైనట్టుంది, ఇంకాస్త పెద్దది వేయించండి" అన్నాడు. ఇంకొకాయన "12 వోల్టుల దీపాలే కదా, బ్రేకరు లేకుండా నేరుగా కలిపేస్తే పోలా?" అన్నాడు.

ఈ రెండు సలహాలూ ప్రాణాల మీదికి తెచ్చేవే. అలాంటప్పుడు మొదట చేయవలసింది కొలనులో ఉన్నవాళ్లందరినీ బయటికి రప్పించడం, ఆ దీపాల మెయిన్ స్విచ్చు ఆపేయడం. ఆ తరువాత ఆలోచించవచ్చు. బ్రేకరు పడిపోవడం రోగం కాదు, రోగలక్షణం. జ్వరం చూసి వైద్యుడు రోగాన్ని వెతికినట్టే, బ్రేకరు ఎప్పుడు పడిందో, ఏ బ్రేకరు పడిందో చూసి తప్పు ఎక్కడుందో చాలావరకు ఊహించవచ్చు. ఎలాగో చూద్దాం.

నీటిలో 12 వోల్టులే ఎందుకు?

మీ దగ్గర మల్టీమీటరు ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. మీటరును నిరోధం కొలిచే స్థానంలో ఉంచి, రెండు కొనలనూ రెండు చేతుల పొడి వేళ్లతో పట్టుకోండి. కొన్ని లక్షల ఓమ్‌ల నిరోధం చూపవచ్చు. ఇప్పుడు వేళ్లను ఉప్పునీటిలో ముంచి మళ్లీ పట్టుకోండి. అంకె ఎంతగా పడిపోతుందో మీరే చూస్తారు. మీటరులో ఉండేది చిన్న బ్యాటరీయే కనుక భయం లేదు. ఈ ప్రయోగాన్ని ఇంటి కరెంటు దగ్గర మాత్రం ఎప్పుడూ చేయకండి.

తడిసిన శరీరం నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం 230 వోల్టుల వద్ద 230 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు శరీరం గుండా పోతుంది. ఒక సెకను లోపే గుండె లయ తప్పడానికి అది చాలు. అదే 12 వోల్టులైతే 12 మిల్లీ ఆంపియర్లు. ప్రమాదం బాగా తగ్గింది, కానీ సున్నా కాలేదు. ఆ కాస్త విద్యుత్తు కూడా కండరాలను బిగదీయగలదు. నీటిలో ఈదుతున్నవాడికి అదీ ముప్పే.

అందుకే తక్కువ వోల్టేజితో పాటు ఇంకో రక్షణ కూడా ఉంటుంది. ఈ దీపాలకు వాడే ట్రాన్స్‌ఫార్మర్‌లో 230 వోల్టుల ప్రాథమిక తీగచుట్టకూ, 12 వోల్టుల గౌణ తీగచుట్టకూ మధ్య తీగల ద్వారా ఎలాంటి సంబంధమూ ఉండదు. అయస్కాంత క్షేత్రం ద్వారానే శక్తి అటునుంచి ఇటు వస్తుంది. గౌణ చుట్టను భూమికి కలపరు. కాబట్టి ఆ వైపు తీగ ఒకటి నీటికి తగిలినా, భూమి గుండా తిరిగి వెళ్లే దారి లేదు. కొలను నీటిలో ఉండే దీపాలకు ఏ.సి. అయితే 12 వోల్టులు మించరాదనీ, ట్రాన్స్‌ఫార్మరును కొలనుకు దూరంగా, నిర్ణీత హద్దుల వెలుపల ఉంచాలనీ అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ నియమం చెబుతుంది.

ఇద్దరు కాపలాదారులు

బోర్డు మీద చూడటానికి ఒకేలా కనిపించే రెండు పరికరాలు ఉంటాయి. వాటి పనులు మాత్రం వేరు.

మొదటిది ఎం.సి.బి. పరిమితికి మించిన విద్యుత్తు పోతే ఇది వలయాన్ని తెంచుతుంది. దీనిలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. కొద్దిపాటి అధిక భారం చాలాసేపు ఉంటే ద్విలోహ పట్టీ వేడెక్కి, వంగి, మీట జారేలా చేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే విద్యుదయస్కాంతం రెప్పపాటులో లాగేస్తుంది. ఈ రెండింటినీ ఒక చిన్న పెట్టెలో ఇమిడ్చి 1924లో పేటెంటు పొందినవాడు జర్మనీకి చెందిన హ్యూగో స్టాట్జ్.

రెండవది ఆర్.సి.సి.బి. ఇది ఎంత విద్యుత్తు పోతోందో పట్టించుకోదు. ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని లెక్క చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, ఎక్కడో భూమిలోకి కారుతోందని అర్థం. వెంటనే తెంచేస్తుంది. ఇదే సూత్రంతో 1961లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ ఇంకా సున్నితమైన పరికరాన్ని తయారుచేశాడు. 1968లో అమెరికా విద్యుత్ నియమావళి అలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసినప్పుడు, మొట్టమొదట పేర్కొన్నది ఈతకొలను నీటిలోని దీపాలనే!

గోడకు అవతల ఏం జరుగుతోంది?

బ్రేకరు పడగానే అందరి చూపూ నీటివైపే పోతుంది. "దీపంలోకి నీళ్లు పోయాయి" అనేస్తాం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బ్రేకర్లకూ కొలనుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఒక గోడలా నిలబడి ఉంది. గోడకు అవతల జరిగేది బ్రేకరుకు అంత బాగా కనిపించదు.

ఆర్.సి.సి.బి. సంగతి చూడండి. 12 వోల్టుల వైపు తీగ నీటికి తగిలినా ప్రాథమిక చుట్టలో వెళ్లే విద్యుత్తు, తిరిగి వచ్చే విద్యుత్తు సమానంగానే ఉంటాయి. కాబట్టి అది పడదు. ఒకవేళ ఆర్.సి.సి.బి. పడిందంటే లోపం 230 వోల్టుల వైపే ఉందన్నమాట. తడిసిన జంక్షన్ పెట్టె, పాతబడిన కేబులు, ప్రాథమిక చుట్ట ఇన్సులేషన్, లేదా అదే ఆర్.సి.సి.బి. మీద ఉన్న నీటి పంపు మోటారు: వెతకవలసినవి ఇవి. కొలను నీరు ఈ వైపు చేరే దారి మాత్రం ఒకటుంది. పైపు గుండానో, కేబులు లోపలి సన్నని పోగుల మధ్య కేశనాళికీయత వల్లనో తేమ పాకుతూ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెను తడపవచ్చు. వానాకాలంలో పెట్టెలో దూరిన బల్లి కూడా ఇదే పని చేయగలదు.

ఇప్పుడు ఎం.సి.బి. సంగతి. 300 వాట్ల దీపం 12 వోల్టుల వద్ద 25 ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ 230 వోల్టుల వైపు పోయేది 1.3 ఆంపియర్లే. దీపం 20 మీటర్ల దూరంలో ఉందనీ, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారనీ అనుకుందాం. పోనురాను 40 మీటర్ల తీగ నిరోధం సుమారు 0.18 ఓమ్‌లు. దీపం దగ్గర షార్ట్ సర్క్యూట్ అయితే 12ను 0.18తో భాగించండి. 67 ఆంపియర్లు. 230 వోల్టుల వైపు అది కేవలం 3.5 ఆంపియర్లు! 6 ఆంపియర్ల బ్రేకరు చలించనే చలించదు. కానీ 300 వాట్లకు తయారైన ట్రాన్స్‌ఫార్మర్ 800 వాట్లు మోస్తూ కాలిపోతుంటుంది. అందుకే గౌణ చుట్ట వైపు విడిగా ఫ్యూజు ఉండాలి.

దీని నుంచి తేలేది ఒకటి. బ్రేకరు పడితే ముందు పొడివైపు వెతకాలి. బ్రేకరు పడలేదని మాత్రం తడివైపు అంతా క్షేమమని అనుకోకూడదు.

ఎప్పుడు పడింది?

స్విచ్చు వేసిన ప్రతిసారీ, వేసిన వెంటనే ఎం.సి.బి. పడితే 230 వోల్టుల వైపు షార్ట్ సర్క్యూట్ అయినా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు కాలినా, దాని పక్కనే గౌణ తీగలు కలిసినా అయి ఉండాలి.

పావుగంట తరువాత పడితే అధిక భారం కావచ్చు. బ్రేకరు స్క్రూ వదులై అక్కడ పుట్టిన వేడికి ద్విలోహ పట్టీ వంగినా అలాగే జరుగుతుంది.

ఒకసారి పడి, మరోసారి నిలిస్తే? ఇది ఆసక్తికరమైన కేసు. ట్రాన్స్‌ఫార్మర్‌కు స్విచ్చు వేసిన క్షణంలో ఏ.సి. తరంగం సున్నా దగ్గర ఉంటే, ఇనుప కోరులో అయస్కాంత అభివాహం మామూలుకన్నా దాదాపు రెట్టింపు కావలసి వస్తుంది. కోరు అంత భరించలేక సంతృప్తమవుతుంది. అప్పుడు ఒక్క క్షణంపాటు మామూలుకంటే పది, ఇరవై రెట్ల విద్యుత్తు దూసుకు వస్తుంది. తరంగం శిఖరం దగ్గర ఉన్నప్పుడు స్విచ్చు పడితే ఈ ఉప్పెన దాదాపు ఉండదు. అంతా మీ వేలు ఏ క్షణంలో నొక్కిందన్న దాని మీదే ఆధారపడుతుంది!

నాలుగు 300 వాట్ల దీపాలు ఒకే స్విచ్చు మీద ఉంటే మామూలుగా 5.2 ఆంపియర్లు పోతాయి. తొలి ఉప్పెన పది రెట్లయితే 52 ఆంపియర్లు. 10 ఆంపియర్ల 'బి' రకం బ్రేకరులో అయస్కాంతం 30, 50 ఆంపియర్ల మధ్యనే లాగేస్తుంది. అదే 10 ఆంపియర్ల 'సి' రకంలో 50, 100 మధ్య లాగుతుంది. కనుక విరుగుడు ఎక్కువ ఆంపియర్ల బ్రేకరు కాదు. ఎలక్ట్రీషియన్ పరీక్షించి అదే ఆంపియర్లలో తగిన రకం వేయాలి, లేదా దీపాలను ఒకదాని తరువాత ఒకటిగా వెలిగించాలి. దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చినా పాత ట్రాన్స్‌ఫార్మర్లు అలాగే ఉంటే ఈ ఉప్పెన తగ్గదు. ఎందుకంటే అది దీపానిది కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌ది.

సగానికి సగం

అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ అన్నిటినీ విప్పి కూర్చోడు. మెయిన్ ఆపి, ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల తీగలు విడదీసి చూస్తాడు. అయినా బ్రేకరు పడితే లోపం ఇటువైపే. తరువాత 230 వోల్టుల తీగలను కూడా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి విడదీస్తాడు. ఇప్పుడు నిలిస్తే తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌ది, ఇంకా పడితే మధ్యలోని కేబులుదో బ్రేకరుదో. ఉప్పెన సంగతి తెలుసు కనుక ఒక్కసారి నిలిచిందని నిర్ధారించడు, నాలుగైదు సార్లు వేసి చూస్తాడు. విడివిడి ట్రాన్స్‌ఫార్మర్లున్న ఎనిమిది దీపాలలో ఒకటి చెడితే నాలుగు, రెండు, ఒకటి అంటూ మూడు పరీక్షల్లో పట్టేస్తాడు. చివరగా మెగ్గరుతో ఇన్సులేషన్ కొలుస్తాడు. 230 వోల్టుల తీగలకు 500 వోల్టుల పరీక్షలో కనీసం 1 మెగా ఓమ్, 12 వోల్టుల తీగలకు 250 వోల్టుల పరీక్షలో కనీసం అర మెగా ఓమ్ ఉండాలి.

ఇవన్నీ అర్హత గల ఎలక్ట్రీషియన్ చేయవలసిన పనులు. మీరు చేయగలిగినవీ ఉన్నాయి. ఏ పరికరం పడింది, ఎంతసేపటికి పడింది, వాన పడిన తరువాతనా, పంపు నడుస్తున్నప్పుడా అని గమనించి రాసి పెట్టండి. ఆ నాలుగు మాటలు ఆయనకు సగం పని తగ్గిస్తాయి. ఆర్.సి.సి.బి. మీద ఉండే 'టి' బొత్తాన్ని అప్పుడప్పుడు నొక్కించండి. నొక్కితే పడాలి. పడకపోతే ఆ కాపలాదారు నిద్రపోతున్నట్టే.

మళ్లీ ఆ సాయంత్రం దగ్గరికి వద్దాం. పెద్ద బ్రేకరు వేస్తే 'టక్'మనే చప్పుడు ఆగిపోవచ్చు. దీపాలు కూడా వెలగవచ్చు. కానీ లోపం ఉన్నచోటే ఉంటుంది, పిల్లలు మళ్లీ నీటిలోకి దిగుతారు. అందుకే ఈసారి ఎవరైనా "పెద్దది వేయించండి" అంటే మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "అసలు ఎందుకు పడిందో తెలిసిందా?"