నకిలీ ఖాతాలు: స్వీయరక్షణ
మన పేరుతో నకిలీ ఖాతా తెరవడానికి మోసగాడికి మన పాస్‌వర్డ్ అక్కర్లేదు. అందరికీ కనిపించే పేరు, ఫోటో, మిత్రుల జాబితా చాలు. వాటితో ఫేస్‌బుక్‌లో కొత్త ఖాతా తెరిచి, "ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా డబ్బు పంపండి" అని మన మిత్రులనే అడుగుతాడు. కనుక పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఈ మోసం ఆగదు. మిత్రుల జాబితా ఇతరులకు కనబడకుండా సెట్టింగులు మార్చుకోవాలి. ఎవరైనా డబ్బు అడిగితే, వారి పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి.

నకిలీ ఖాతా కనిపిస్తే దాని లింకు, స్క్రీన్‌షాట్ భద్రపరచి, మిత్రులచేత కూడా రిపోర్టు చేయించాలి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయాలి. ఆ సొమ్ము చేతులు మారకముందే బ్యాంకులో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 66డి ప్రకారం ఈ నేరానికి 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.