ఒకే కడుపున పుట్టిన రెండు రాగి కొండలు

1936లో డచ్ భూగర్భ శాస్త్రవేత్త జాన్ జాక్ డోజీ న్యూగినీ ద్వీపం నడిబొడ్డున, సముద్రమట్టానికి 3,500 మీటర్లకు పైన, పచ్చిక బయల్లో నిటారుగా నిలిచిన ఒక నల్లటి గుట్టను చూశాడు. దాని ఒంటి నిండా ఆకుపచ్చ మరకలు. రాగి ఉందని చెప్పే మరకలవి. ఎర్ట్స్‌బెర్గ్ అని పేరు పెట్టాడు. 1939లో ఆయన నివేదిక అచ్చయింది, అంతలోనే యుద్ధం వచ్చింది. 1960లో ఫ్రీపోర్ట్ అనే అమెరికా గనుల సంస్థ తరఫున ఫోర్బ్స్ విల్సన్ అడవులు దాటి అక్కడికి చేరేదాకా ఆ గుట్ట జోలికి గనులవాళ్లెవరూ పోలేదు. ఇప్పుడది ఇండోనేసియాలోని పపువా ప్రాంతం.

ఆ పర్వతాల్లోని సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదే. ఆస్ట్రేలియాను మోస్తున్న భూఫలకం ఉత్తరాన ద్వీపాల వరుసను ఢీకొనడంతో ముడతలు పడి పైకి లేచింది. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట దానిలోకి శిలాద్రవం చొచ్చుకొచ్చింది. భూమి వయసుతో చూస్తే నిన్నమొన్నటి మాట.

శిలాద్రవం గట్టిపడుతుంటే అందులో ఇమడలేని నీరు, క్లోరిన్, గంధకం బయటపడతాయి. వందల డిగ్రీల వేడిలో ఉన్న ఆ ఉప్పునీరు రాగిని, బంగారాన్ని, వెండిని కరిగించుకుని పగుళ్ల వెంట పైకి పాకుతుంది. చల్లారేకొద్దీ రాగి గంధకంతో కలిసి చాల్కోపైరైట్‌గా, బోర్నైట్‌గా దిగబడుతుంది. వెండి ఆ స్ఫటికాల్లోనే రాగి స్థానంలో సర్దుకుంటుంది, బంగారం సన్నటి రేణువులుగా వాటినే అంటిపెట్టుకుంటుంది. అందుకే మూడూ ఒకే చోట దొరుకుతాయి. అలాంటి రాతిముక్క చేతిలోకి తీసుకుంటే ముందు బరువు తెలుస్తుంది. విరిచి చూస్తే చాల్కోపైరైట్ పసుపుగా, ఇత్తడిలా మెరుస్తుంది. బోర్నైట్ గాలి తగలగానే ఊదా, నీలం రంగులు తేలుతుంది. బంగారంలా మెరిసేది రాగి ఖనిజం. అసలు బంగారం మాత్రం కంటికి ఆనదు.

ఈ వేడినీరు సున్నపురాయిని తాకిన చోట రెండూ చర్య జరిపి, రాయి రూపమే మారిపోయింది. బొగ్గుపులుసు వాయువు పోయి, గార్నెట్, ఇనుప ఖనిజమైన మాగ్నెటైట్, వాటితో పాటు రాగి మిగిలాయి. ఇలా మారిన రాతిని స్కార్న్ అంటారు. ఎర్ట్స్‌బెర్గ్ అదే. తర్వాత హిమానీనదాలు చుట్టూ ఉన్న మెత్తటి సున్నపురాయిని గీకేస్తే, గట్టి మాగ్నెటైట్ గుట్ట ఒక్కటే నిలబడిపోయింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దాని పొరుగున, రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రాస్‌బెర్గ్. డోజీ దాన్నీ చూశాడు, గడ్డి కొండగానే చూశాడు. ఎర్ట్స్‌బెర్గ్‌లో 1972లో మొదలైన తవ్వకం దాదాపు ముగింపుకొచ్చిన 1988లో గానీ, అంతకు ఎన్నో రెట్లు పెద్ద నిధి ఆ గడ్డి కిందే ఉందని తేలలేదు.

ఒకే కడుపున పుట్టిన ఈ రెండిటికీ పోలికలు ఎందుకు కనబడలేదు? గ్రాస్‌బెర్గ్‌లో లోహం చేరింది సున్నపురాతిలో కాదు, గట్టిపడిన శిలాద్రవంలోనే, వేలాది సన్నటి నరాలుగా. దీన్ని పోర్ఫిరీ నిక్షేపం అంటారు. వాన నీరు, గాలి తగిలితే గంధకపు ఖనిజాల నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. పక్కన సున్నపురాయి ఉంటే ఆ ఆమ్లం అక్కడే విరిగిపోయి, రాగి ఆకుపచ్చ మాలకైట్‌గా నిలిచిపోతుంది. పోర్ఫిరీలో విరిచేదేమీ లేదు కనుక ఆమ్లం రాగిని కడిగేసి పై పొరను వెలవెలబోయేలా చేస్తుంది.

గని తవ్వాక కూడా ఈ రసాయనం ఆగదు. కుప్ప పోసిన వ్యర్థ శిల మీద వాన పడితే మళ్లీ అదే ఆమ్లం పుడుతుంది. దాన్ని విరచడానికి సున్నపురాయినే కలుపుతారు. రాగి తీశాక మిగిలిన రాతిపొడి మాత్రం అజ్క్వా నదిలోకి పోతుంది. 2019లో గ్రాస్‌బెర్గ్‌లో పై గుంత తవ్వకం ఆపి గనిని పూర్తిగా భూగర్భంలోకి మార్చినా ఆ ప్రవాహం ఆగలేదు. ఆ పర్వతాలను పవిత్రంగా కొలిచే అముంగ్మే ప్రజలు, దిగువన ఆ నీటి మీదే బతికే కమోరో ప్రజలు దశాబ్దాలుగా దీని మీద గొంతెత్తుతూనే ఉన్నారు. రాగి తీగ లేనిదే కరెంటు లేదు, నిజమే. ఆ తీగ ఖరీదు లెక్కగట్టేటప్పుడు ఈ నదిని కూడా కలపాల్సిందే.