అది గడ్డివామి కాదు.. కుప్ప! ధర రూ.775 కోట్లు

సంక్రాంతికి పామిడిముక్కల వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్లో ఓ బొమ్మ చూస్తున్నా. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనె 1890లో వేసిన ఆయిల్ పెయింటింగ్ అది. పేరు 'మ్యూల్'. ఇంగ్లిష్ పత్రికలు చాలావరకు దాన్ని 'హేస్టాక్స్' అనే రాశాయి. అంటే గడ్డివాములన్నమాట. తాతయ్య పక్క నుంచి తొంగి చూశాడు. ‘‘గడ్డివాముల బొమ్మకి 775 కోట్లంట తాతయ్యా’’ అన్నా. కళ్లజోడు సర్దుకుని ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. ‘‘ఎవడ్రా గడ్డివామి అంది? గడ్డికి ఇంత శ్రద్ధగా పైకప్పు కడతారట్రా? కుప్పరా ఇది. లోపల గింజ ఉంది’’ అన్నాడు.

తర్వాత చదివితే ఆయన మాటే నిజమైంది. మోనె గీసినవి గోధుమ కుప్పలు. జివెర్నీ అనే ఊళ్లో ఆయన ఇంటి పక్క పొలంలో పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున వేసేవారు. నూర్పిడి యంత్రం ఊరూరూ తిరిగి వచ్చేదాకా అవి శీతాకాలమంతా అలాగే ఉండేవి. గింజ తడవకుండా వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి, పైన గొడుగులా కప్పేవారు. మన డెల్టాలోనూ అదే పద్ధతి కదా! తుఫాను వస్తోందంటే పనలు తడిసి మొలకొస్తాయని పరుగు పరుగున కుప్ప వేసేసేవాళ్లు. నూర్చాక మిగిలిన గడ్డిని వామి వేసేవాళ్లు. వరికోత మిషన్లు వచ్చాక కుప్ప అనే మాటే మీలో చాలామంది విని ఉండరు. నేనూ చూసింది తక్కువే.

ఈ చిన్న తేడా ఎందుకు చెబుతున్నానంటే, వేలంలో ఒక బొమ్మకు ధర పలికేది ఇలాంటి తేడాలు తెలిసినవాళ్ల మాట మీదే. అందులో ఉద్యోగాలూ ఉన్నాయి. మన ఇంజినీరింగ్ బ్యాచుల్లో ఎవరూ అటు చూడరు.

ముందు ఆ వేలం సంగతి. 2019 మే 14న న్యూయార్క్‌లో సోథబీస్ సంస్థ ఈ బొమ్మను అమ్మకానికి పెట్టింది. 5.5 కోట్ల డాలర్లు దాటొచ్చని అంచనా వేశారు. మన దగ్గర చెరువుకో, వినాయకుడి లడ్డూకో పాట పాడినట్టే అక్కడా పాట సాగింది. దాదాపు 8 నిమిషాలకు సుత్తి పడింది, 9.7 కోట్ల డాలర్ల దగ్గర. కానీ పేపర్లలో వచ్చిన ధర 11.07 కోట్లు. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? అది కొన్నవాడు వేలం సంస్థకు అదనంగా కట్టే బయ్యర్స్ ప్రీమియం. మన ఇన్‌కమ్ ట్యాక్స్‌లాగే దానికీ శ్లాబులున్నాయి. అప్పటి లెక్క ప్రకారం మొదటి 4 లక్షల డాలర్ల మీద 25 శాతం, అక్కడి నుంచి 40 లక్షల దాకా 20 శాతం, ఆపైన 13.9 శాతం. కాలిక్యులేటర్ తీసి వేసి చూడండి. లక్ష, 7.2 లక్షలు, 129.27 లక్షలు కలిపితే 1 కోటి 37 లక్షల 47 వేలు. సుత్తి పడిన ధరకు కలిపితే 11 కోట్ల 7 లక్షల 47 వేల డాలర్లు. అప్పటి మారకం రేటులో మన 775 కోట్ల రూపాయలకు కాస్త అటూ ఇటూ. వేలంలో పది కోట్ల డాలర్లు దాటిన తొలి ఇంప్రెషనిస్టు చిత్రం ఇదే.

ఇక ‘బొమ్మ కొంటే చాలు, కోట్లు’ అని రీల్స్ చేసేవాళ్ల కోసం ఇంకో లెక్క. అమ్మిన వ్యక్తి దీన్ని 1986లో 25.3 లక్షల డాలర్లకు కొన్నారు. 33 ఏళ్లలో దాదాపు 38 రెట్లు. అబ్బో అనిపిస్తుంది. చక్రవడ్డీలోకి మార్చి చూస్తే ఏడాదికి 11.7 శాతం. అమెరికా షేర్ల ఇండెక్స్‌లో పెట్టి డివిడెండ్లు మళ్లీ అందులోనే వేస్తూ పోయినా అదే కాలంలో సుమారు 10 శాతం వచ్చేది. దానికి బీమా, తేమ పడని గది, కాపలా అక్కర్లేదు. పైగా ఇది నెగ్గిన బొమ్మ. 1986లో కొన్నవన్నీ ఇలా పెరగలేదు. కాబట్టి పెట్టుబడి కబుర్లు పక్కన పెట్టి, పని గురించి మాట్లాడుకుందాం.

పొలం కొనేటప్పుడు మనవాళ్లు ఏం చూస్తారు? లింకు డాక్యుమెంట్లు, ఈసీ. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తెగిందా అని. చిత్రానికీ అంతే. దాన్ని ప్రావెనెన్స్ అంటారు. ఈ కుప్పల బొమ్మకు ఆ గొలుసు చాలా శుభ్రంగా ఉంది. మోనె చిత్రాలు అమ్మే ప్యారిస్ వ్యాపారి ద్యురాన్-రుయెల్ నుంచి 1890ల్లో షికాగోకు చెందిన పామర్ దంపతులు కొన్నారు. 1986 దాకా వాళ్ల కుటుంబంలోనే ఉంది. ఆపైన ఒక్క యజమాని. అంతే. ఈ వరుసలో మోనె వేసినవి 25 చిత్రాలైతే, 17 మ్యూజియాల్లో ఉన్నాయి. అవి అమ్మకానికి రావడం చాలా అరుదు. మిగిలినవి ఎనిమిదే. పాత ఉత్తరాలు, రసీదులు, ఎగ్జిబిషన్ కేటలాగులు వెతికి ఈ గొలుసు అల్లేవాళ్లు పూర్తికాలం ఉద్యోగులు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల ఇళ్ల నుంచి దోచిన చిత్రాలు ఇప్పటికీ బయటపడుతుంటాయి కాబట్టి వాళ్లకు గిరాకీ ఉంది. డేటాబేసులు కట్టడం, స్కాన్ చేసిన చేతిరాతలు చదివించడం మన కోడింగ్ వాళ్ల పనే.

రెండోది ల్యాబ్. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఇంప్రెషనిజం పుట్టడానికి ఒక ఇంజినీరింగ్ కారణం కూడా ఉంది తెలుసా? 1841లో జాన్ రాండ్ అనే ఆయన రంగులు నింపుకునే లోహపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. మన టూత్‌పేస్ట్ ట్యూబులాంటిదే. అంతకుముందు రంగులు పంది మూత్రాశయపు సంచుల్లో కట్టుకునేవారు. అవి ఎండిపోయేవి, చిట్లేవి. ట్యూబు వచ్చాకే పొలం గట్టు మీద కూర్చుని ఆయిల్ రంగులతో వేయడం సులువైంది. మోనె ఒకేసారి చాలా కాన్వాసులు పొలానికి మోయించుకుపోయి, వెలుగు మారగానే కాన్వాసు మార్చేవాడు. అదే కుప్ప, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మంచులో ఇంకొకటి. 1896లో మాస్కోలో వాటిలో ఒకదాన్ని చూసిన కాండిన్‌స్కీకి కేటలాగు చదివేదాకా అదేమిటో అర్థం కాలేదట. మా తాతయ్యను పక్కన పెట్టుకుని ఉండాల్సింది!

ఏ రంగు ఏ ఏడాది మార్కెట్లోకి వచ్చిందన్నది దొంగ బొమ్మల్ని పట్టిస్తుంది. జర్మనీకి చెందిన బెల్ట్రాచీ అనే నకిలీ చిత్రకారుడు 1914 నాటిదని నమ్మించి ఓ బొమ్మను అమ్మించాడు. 2006లో అది 28.8 లక్షల యూరోలు పలికింది. పరీక్షలో టైటానియం తెలుపు బయటపడింది. ఆ రంగు చిత్రకారుల చేతికి వచ్చింది 1920 ప్రాంతంలో. 2011లో అతనికి శిక్ష పడింది. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ యంత్రంతో రంగులో ఏ మూలకాలున్నాయో బొమ్మ నుంచి నలుసు కూడా తీయకుండా చెప్పొచ్చు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా రంగు కింద పెన్సిల్ గీతలు చూపిస్తుంది. కెమిస్ట్రీ, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఇమేజ్ ప్రాసెసింగ్ చదివినవాళ్లకు ఇది కొత్త సబ్జెక్టేం కాదు.

మన దేశంలో ఎక్కడ నేర్చుకోవాలి? లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనాలయం ఉంది, దాన్ని ఎన్‌ఆర్‌ఎల్‌సీ అంటారు. ఒకప్పటి నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌ను ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అంటున్నారు, నోయిడాలో ఉంది. అక్కడ కన్సర్వేషన్‌లో పీజీ చేయొచ్చు. కళాచరిత్ర వైపు వెళ్లాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. అర్హతలు నోటిఫికేషన్లో చూసుకోండి. వేలం సంస్థల్లో ముంబయిలోని శాఫ్రన్‌ఆర్ట్ 2000లో మొదలైందే ఆన్‌లైన్ వేలంతో. 2023లో అమృతా షేర్‌గిల్ చిత్రం ‘ద స్టోరీ టెల్లర్’ను 61.8 కోట్ల రూపాయలకు అమ్మింది వాళ్లే. ఒక మాట మాత్రం దాచను. సీట్లు తక్కువ, ఖాళీలు ఇంకా తక్కువ, మొదటి జీతం మీ రూమ్మేట్ ఐటీ ప్యాకేజీ పక్కన పెట్టి చూపించేలా ఉండదు. ఇంట్లో ‘బొమ్మల ఉద్యోగమా?’ అని అడుగుతారు. తెలిసి దిగండి.

మన వైపు ఈ పనికి సరుకు లేదనుకోకండి. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ చిత్రలేఖనం నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు తర్వాత అక్కడే ప్రిన్సిపాల్‌గా చేశారు. గుడివాడలో 1936లో పుట్టిన ఎస్వీ రామారావు లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్లవో, వీళ్ల శిష్యులవో బొమ్మలు ఏ పాత మిద్దెలోనైనా గోడకు వేలాడుతూ ఉండొచ్చు. సముద్రపు తేమకు బూజు పడుతూ.

మీ ఇంట్లో అలాంటిది కనిపిస్తే ముందు తుడవకండి. తడిగుడ్డ అస్సలు వద్దు. బొమ్మను తిప్పి వెనకవైపు ఫొటో తీయండి. సంతకం, చీటీ, ఫ్రేము కట్టిన కొట్టు పేరు, ఏదున్నా సరే. ఎవరిచ్చారో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి తేదీతో రాసిపెట్టుకోండి. అదే మీ మొదటి లింకు డాక్యుమెంటు. అమ్మాలనుకుంటే చట్టం కూడా తెలియాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చిత్రం పురావస్తువు కిందకు వస్తుంది, దాన్ని దేశం దాటించి అమ్ముకోవడానికి లేదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అంటే 2025 ఫిబ్రవరి దాటాక ఆయన గీసిన ప్రతి గీతా ఆ చట్టం కిందికే వచ్చేసింది.