తోఁబుట్టువుల పేర్లు – తొలి యక్షరము



నేఁడు నేను మీతో ముచ్చటింపఁదలఁచిన విషయము చూచుటకుఁ జిన్నది. కాని ప్రతి యింటను నెప్పుడో యొకప్పుడు పెద్దల ముందుకు రాక మానదు. ఇంట రెండవ బిడ్డ పుట్టును. మొదటి బిడ్డకు 'ర'కారముతోఁ బేరు పెట్టితిమి గావున, రెండవ బిడ్డకును 'ర'కారముతోనే పెట్టవలెనని తలిదండ్రులు కోరుదురు. తాతగారి పేరు నిలుపవలెనని నాయనమ్మ యనును. నక్షత్రమును బట్టి వేఱొక యక్షరము వచ్చినదని పురోహితుఁడు చెప్పును. అందఱును మీ ముఖము చూతురు. అప్పుడు మీ రేమని తీర్పు చెప్పవలెను? బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములందలి మన యాచారములను, మన మెఱిఁగిన కుటుంబముల పేర్లను ముందుంచుకొని యీ విషయమును విచారింతము.

తోఁబుట్టువుల పేర్లలోఁ దొలి యక్షరము కలియుట మనకుఁ గ్రొత్త గాదు. కాశిరాజు కూఁతులు మువ్వురు: అంబ, అంబిక, అంబాలిక. ధృతరాష్ట్రుని సంతానములో దుర్యోధనుఁడు, దుశ్శాసనుఁడు, దుర్ముఖుఁడు, వారి చెల్లెలు దుస్సల. మహమ్మదు ప్రవక్త మనుమలు హసన్, హుసేన్ అనువారి పేర్లను మొహరము దినములలో బందరు వీథులలో వినని వారుండరు. ఇట్లుండఁగా, దశరథుని కుమారులు నలుగురి పేర్లును నాలుగు వేఱువేఱు అక్షరములతో మొదలగుచున్నవి. కాఁబట్టి కలియవలెనను నియమమును లేదు, కలియరాదను నిషేధమును లేదు.

శాస్త్రము చెప్పిన మాట యేమి? మనుస్మృతి పదియవనాఁడు గాని పండ్రెండవనాఁడు గాని నామకరణము చేయుమనును. పారస్కర గృహ్యసూత్రము మగబిడ్డ పేరు రెండు గాని నాలుగు గాని యక్షరములు గలదిగాను, ఆఁడుబిడ్డ పేరు బేసి యక్షరములు గలదై ఆకారాంతముగాను నుండవలెనని చెప్పును. అన్న పేరునకును దమ్ముని పేరునకును బోలిక యుండవలెనను మాట యీ విధులలో లేదు.

ఇఁక నక్షత్రము. నక్షత్రము లిరువదియేడు, ఒక్కొక్కదానికి నాలుగు పాదములు, వెరసి 108 పాదములు. ఒక్కొక్క పాదమునకు నొక్కొక్క యక్షరము చెప్పఁబడినది. అశ్వినికిఁ జూ, చే, చో, లా యనునవి. కృత్తికకు ఆ, ఈ, ఊ, ఏ యనునవి. రోహిణికి ఓ, వా, వీ, వూ యనునవి. ఈ లెక్కచొప్పున వేఱువేఱు నక్షత్రములఁ బుట్టిన తోఁబుట్టువులకు సాధారణముగా వేఱువేఱు అక్షరములే వచ్చును. కావున నక్షత్రనామమును, తొలి యక్షరపుఁ బోలికను రెంటిని గోరుట తఱచుగాఁ బొసఁగదు. అయిన నీ పద్ధతిలో సడలింపు లేకపోలేదు. హస్తా నక్షత్రమున మూఁడవ నాలుగవ పాదములకు ణా, ఠా యను నక్షరములు వచ్చును. ఆ యక్షరములతో మనకుఁ బేర్లే లేవు గనుక దగ్గఱి యక్షరము నొకదానిని గ్రహించుచున్నారు. మఱియుఁ బెక్కిండ్లలో బియ్యముపై వ్రాసి బిడ్డ చెవిలోఁ జెప్పు పేరొకటియు, లోకవ్యవహారమునకు వేఱొకటియు నుండుట మీ రెఱిఁగినదే. కాఁబట్టి పురోహితుని మాటకును దలిదండ్రుల కోరికకును వైరము పెట్టఁ బనిలేదు.

మన సీమలో నన్నదమ్ముల పేర్లు కలియుటకు మఱియొక కారణము గలదు. అది మ్రొక్కుబడి. మోపిదేవిలోని సుబ్రహ్మణ్యేశ్వరుని గొలిచి సంతానము బడసిన యిండ్లలో నాగేశ్వరరావు, నాగలక్ష్మి, సుబ్బారావు, సుబ్బమ్మ యను పేర్లు వరుసగా వినఁబడును. హంసలదీవి వేణుగోపాలుఁడును, చిలకలపూడి పాండురంగఁడును నట్లే యెందఱి బిడ్డలకో పేర్లిచ్చిరి. ఇచ్చట నక్షరమును జూచి పేరు పెట్టలేదు. దేవుని పేరు పెట్టఁగా నక్షరము వెంట వచ్చినది. ఇంటిపెద్ద పేరును నిట్లే పనిచేయును. గుడివాడ ప్రాంతమందలి రామాపురమునఁ బుట్టిన నటుఁడు అక్కినేని నాగేశ్వరరావు కుమారుఁడు నాగార్జున, కూఁతురు నాగసుశీల, మనుమఁడు నాగచైతన్య. మూఁడు తరములుగా 'నాగ' శబ్ద మా యింట నిలిచినది. ఆ యింటనే వెంకట్, సత్యవతి యను పేర్లును గలవు. అందఱి పేర్లును గలియకున్నంతమాత్రమున వారి తోఁబుట్టువుతనమునకు లోపము లేదు గదా!

తొలి యక్షరముపై మన తెలుఁగువారికిఁ గల మక్కువకు మన పద్యమే సాక్షి. పాదమున మొదటి యక్షరమునకును యతిస్థానమునకును మైత్రి యుండవలెనని నియమము. స, శ, షలు పరస్పరము చెల్లును. త, థ, ద, ధలును నట్లే. కాని మన ఛందస్సు హల్లుతోఁ దృప్తిపడదు, అచ్చును గలియవలెను. రంగయ్య, రాములు అను పేర్లకు మైత్రి గలదు. రమకును రుక్మిణికిని లేదు, ఒకచోట అకారము, రెండవచోట ఉకారము గనుక. తెలుఁగు చెవికి రమ, రుక్మిణి వేఱువేఱుగనే వినఁబడును.

చిక్కు వచ్చునది యింగ్లీషు పొడియక్షరములతో. ఆ లిపిలో రమయు రుక్మిణియు 'ఆర్' అను నొక్క యక్షరమే. శారదయు సరోజయు 'ఎస్' అను నొక్కటియే. దీనికిఁ దోడు మన యింటిపేరు ముందు నిలుచును. ఊరి పేరే యింటిపేరగుట మనలో మెండు. 1922లో గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లెలోఁ బుట్టిన గాయకుఁడు వేంకటేశ్వరరావును లోకము ఘంటసాల యనియే పిలిచినది. దివిసీమలో నా పేరుగల యూరున్నది. ఇంటిపేరు వంశమును దెలుపును గాని, అన్నదమ్ములలో నెవఁడెవఁడో తెలుపదు. ఆ పని పెట్టిన పేరే చేయవలెను.

ఒక యుదాహరణము భావింపుఁడు. కొండపల్లి యను నింటిపేరుగల యన్నదమ్ములలో నొకఁడు వెంకటరామయ్య, రెండవవాఁడు వెంకటరత్నము. పిలుచునప్పుడు చిక్కు లేదు. కాని కాగితముపై నిద్దఱును 'కె. వి. ఆర్.' అగుదురు. తండ్రి పేరొకటి, ఊరొకటి. ఒకని పేర వచ్చిన ఉత్తరము రెండవవానికిఁ జేరును. బడి పట్టికలో నొకని పుట్టినతేది వేఱొకని కెక్కును. తండ్రి కాలము చేసిన పిదప భూమి వాటాలు వ్రాయునపుడు, పొడియక్షరములతో నున్న పాత కాగితము లెవరివో తేల్చుటకుఁ బెద్దలైన మీరే సాక్ష్యము చెప్పవలసి వచ్చును. కవల లైనచోఁ బుట్టినతేదియు నొకటియే. అప్పుడు భేదమును జూపుటకు మిగులునది పూర్తి పేరొక్కటియే. ఈ ప్రమాదము మనకు మాత్రమే గాదు. అమెరికాలో నాసుపత్రుల ప్రమాణములను నిర్ణయించు జాయింట్ కమిషన్ అను సంస్థ, పురిటి శిశువులు పొరపడకుండుటకై యొక్కొక్క శిశువును స్పష్టముగా వేఱుపఱచు విధముగాఁ బేరు వ్రాయవలెనని 2019 నుండి నియమము చేసినది.

1977 నవంబరు 19వ తేదిని దివిసీమపై విఱుచుకుపడిన యుప్పెనను మీలోఁ బెక్కుమంది కన్నులారఁ జూచినవారే. వేలకొలఁది జనులు ప్రాణములు గోలుపోయిరి. ఇల్లు, పశువులు, కాగితములు కొట్టుకొనిపోయిన యట్టివేళ మనుష్యునికి మిగులు గుఱుతు జాబితాలో వ్రాయఁబడు పేరే. ఆ పేరు వేఱొకరి పేరుతోఁ గలియకుండవలెను.

చట్టమును నొకపరి చూతము. 1969 సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము ననుసరించి, బిడ్డ పుట్టిన 21 దినములలోపల జననమును దెలియఁజేయవలెను. మన యిండ్లలో బారసాల పెక్కుచోట్ల నిరువదియొకటవనాఁడే గదా! అప్పటికిఁ బేరు నిశ్చయము గాకున్నను భయము లేదు. పేరు లేకయే జననమును వ్రాయించి, పండ్రెండు నెలలలోపల రుసుము లేకుండఁ బేరు చేర్పింపవచ్చును. ఆ పిమ్మట నాలస్య రుసుముతో పదునైదేండ్లవఱకు నవకాశము గలదు. 2023 అక్టోబరు 1వ తేది నుండి యమలులోనికి వచ్చిన సవరణవలన, ఆ నాఁటినుండి పుట్టిన పిల్లలకు బడిలోఁ జేరుట, ఓటరుల పట్టికలో నెక్కుట మొదలగు పనులకుఁ బుట్టినతేదికి జనన ధ్రువపత్రమే యాధారము. కావునఁ దొందరపడి వ్రాయించి తరువాత దిద్దించుకొనుటకంటె, పది దినము లాలోచించి పూర్తి పేరు వ్రాయించుట మేలు.

ముసలివారు మనుమనిఁ బిలువఁబోయి రెండవ మనుమని పేరు చెప్పుట, పిల్లలు నవ్వుట ప్రతి యింట నున్నదే. ఇది మతిమఱపు కాదు. 2016లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ప్రకటించిన వ్యాసము ప్రకార మిట్టి పొరపాటు ముఖ్యముగా నొక్క కుటుంబములోని పేర్ల మధ్యనే జరుగును. మొదలో చివరో ధ్వని కలిసిన పేర్లలో నింకను హెచ్చగును. మనస్సులో వా రందఱు నొక్కచోట నుండుటయే దీనికిఁ గారణము. కావునఁ బిలుపులోని పొరపాటునకుఁ జిన్నఁబోనక్కఱలేదు. కాగితములోని పొరపాటునకే జాగ్రత్త వలయును.

మఱి పోలికను బూర్తిగా విడువవలెనా? అక్కఱలేదు. మన జిల్లాలోనే చక్కని మార్గము గలదు. 1923లో నిమ్మకూరునఁ బుట్టిన నందమూరి తారకరామారావును, చలనచిత్ర నిర్మాతయైన యతని తమ్ముఁడు త్రివిక్రమరావును జూడుఁడు. ఇద్దఱును 'ఎన్. టి.' యే. ఆ పొడియక్షరములు అన్నగారి పరముగానే లోకమున నిలిచినవి. 2022 ఏప్రిల్ 4వ తేదిని ఏర్పడిన పొరుగు జిల్లాకుఁ బేరును నయినవి. ఇఁక రామారావు సంతానములోఁ గొందఱి పేర్లు వినుఁడు: జయకృష్ణ, హరికృష్ణ, మోహనకృష్ణ, బాలకృష్ణ, కూఁతులు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి. పోలిక చివర నున్నది, భేదము మొదట నున్నది. పిలిచిన నొక్క యింటి బిడ్డలని తెలియును. వ్రాసినఁ బొడియక్షరములు వేఱువేఱుగా నుండును.

ఒక్క పేరే యిద్దఱికి వచ్చినప్పుడు మన పెద్దలు 'పెద్ద', 'చిన్న' యని చేర్చి చక్కఁబెట్టిరి. కూచిపూడి నాట్యమున వెంపటి పెద్ద సత్యము, వెంపటి చిన్న సత్యము అనువా రట్లే ప్రసిద్ధులైరి. అయితే యీ విశేషణమును నోటిమాటగా విడువక కాగితముపైఁ గూడ నెక్కించినపుడే ప్రయోజనము.

కాఁబట్టి మీ యింట నీ ప్రశ్న వచ్చినపుడు నాలుగు పనులు చేయుఁడు. తాతగారి పేరు నిలుపఁదలఁచిన దానిని పేరులో నొక భాగముగాఁ జేర్పుఁడు. నక్షత్రాక్షరమును బియ్యముపై వ్రాయు పేరునకు విడువుఁడు. తోఁబుట్టువుల పేర్లను దెలుఁగునను, ఇంగ్లీషు పొడియక్షరములతోను నొక కాగితముపైఁ బ్రక్కప్రక్కన వ్రాసి చూడుఁడు. రెండును నొక్కటిగాఁ గనఁబడినచో నొకదానిని మార్పుఁడు. తలిదండ్రులు తొలి యక్షరమే కలియవలెనని పట్టుపట్టినచో, రెండవ పదమైనను వేఱుగా నుండునట్లు చూచి, ప్రతి పత్రమునను బూర్తి పేరు వ్రాయింపుఁడు.

పేరు పెట్టునది మనము, మోయునది బిడ్డ. అన్న పేరుతోఁ గలియుట ముద్దే; కాని తన ఉత్తరము తనకుఁ జేరుట, తన వాటా తన పేర నుండుట యా బిడ్డకు హక్కు. ఆ రెంటిని గాపాడునట్లు తీర్పు చెప్పుట పెద్దల పని.