ఇష్టం తీరినా వదలని అలవాటు

మద్యానికి బానిసైన మనిషిని చూసినప్పుడల్లా, మనసుంటే మానలేడా అని ఇంటివాళ్లు, ఊరివాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు వెతకాలంటే, మెదడు ఒక పనిని ఎలా నేర్చుకుంటుందో ముందుగా తెలుసుకోవాలి. సైకిలు కొత్తగా నేర్చుకునే పిల్లవాడు ధ్యాసంతా హ్యాండిలు మీదే పెట్టి తొక్కుతాడు; కొన్నాళ్లకు కబుర్లు చెబుతూ తొక్కుకుపోతాడు. నుదుటి వెనుక ఉండి ఆలోచననూ నిగ్రహాన్నీ నడిపే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మొదట్లో మోసిన భారాన్ని, మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే నాడీకణాల సముదాయాలు క్రమంగా తమ మీదికి తీసుకోవడమే ఈ మార్పుకు ప్రధాన కారణం. అమెరికాలోని ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకలను ఒక మలుపుల దారిలో తిండి కోసం పరుగెత్తించినప్పుడు, ఈ సముదాయాల్లో భాగమైన స్ట్రయేటం కణాలు తొలిరోజుల్లో దారి పొడవునా చురుగ్గా ఉండి, దారి అలవాటయ్యాక పరుగు మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే గట్టిగా స్పందించాయి. నడుమ ఉన్న పనంతా ఒకే మూటగా మారి, మొదలైతే చాలు తుదిదాకా సాగిపోయిందన్నమాట.

ఈ మూట కట్టడంలో డోపమైన్ అనే రసాయనానిది పెద్ద పాత్ర. దీన్ని ఆనందాన్నిచ్చే రసాయనమని తరచు చెబుతుంటారు గాని, వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాలను బట్టి దీన్ని పాఠం చెప్పే గురువుగా భావించడమే సమంజసం. అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికినప్పుడు డోపమైన్ కణాలు ఉత్తేజం పొందాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి గ్రహించాక ఆ ఉత్తేజం రసాన్ని విడిచి దీపానికి మారింది. దీపం వెలిగినా రసం రాకపోతే కణాల చురుకు మామూలు స్థాయికన్నా పడిపోయింది. తిండి విషయంలో, ఊహించినదే దక్కుతున్నప్పుడు ఆ పాఠం ముగుస్తుంది. మద్యం రసాయనికంగానే డోపమైన్‌ను పెంచుతుంది కనుక పాఠం ముగియక మరింత బిగుసుకుంటుంది. సాయంత్రపు వేళ, జీతం అందిన రోజు, వైన్ షాపు వెలుగు, మిరపకాయ బజ్జీల వాసన, అన్నీ కోతి చూసిన ఆ దీపంలాగే పనిచేస్తాయి. కోరుకోవడానికీ ఇష్టపడటానికీ మెదడులో వేర్వేరు వ్యవస్థలున్నాయని, ఏళ్ల తరబడి తాగినవారిలో హాయి తరిగినా కోరిక పెరుగుతూనే ఉంటుందని 1993లో టెర్రీ రాబిన్సన్, కెంట్ బెర్రిడ్జ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఇష్టమై తాగడం లేదని తాగేవారు అనే మాటను ఇంట్లో అబద్ధంగా కొట్టిపారేస్తారు గాని, అందులో నిజం లేకపోలేదు.

మానడం కష్టమే కాదు, ఉన్నట్టుండి మానేయడంలో ప్రమాదం కూడా ఉంది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనపు ప్రభావాన్ని మద్యం పెంచుతుంది, ఉద్రేకపరిచే గ్లుటమేట్‌ను అణచివేస్తుంది. రోజూ తాగేవారి మెదడు దీనికి ఎదురుగా సర్దుకుని, గాబాకు మొద్దుబారి, గ్లుటమేట్‌కు పదునెక్కుతుంది. అప్పుడు మద్యం ఒక్కసారిగా ఆగితే, ఒకవైపు తూకంరాయి తీసేసిన తక్కెడలా మెదడు ఉద్రేకం వైపు ఒరిగిపోతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలై, తొలి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ రావచ్చు; ఆ తరువాత రెండు రోజుల్లో, లేనివి కనిపిస్తూ మతి తప్పే డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రాణాంతక స్థితి కలగవచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమై అది దొరకనప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కూడా గాబా మీదే పనిచేస్తాయి. 2020లో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు రోగులు పోటెత్తడానికీ మూలం ఇదే. బాగా తాగేవారిని గదిలో పెట్టి గడియ వేయడం ప్రాణంతో చెలగాటమే. వైద్యులు అదే డైజిపాం వంటి మందును తగిన మోతాదులో ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ, తోడుగా థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు.

ఈ దశ దాటాక తిరిగి తాగకుండా ఉండేందుకూ మందులున్నాయి. 1994లో అమెరికాలో మద్యపాన చికిత్సకు ఆమోదం పొందిన నాల్ట్రెక్సోన్, తాగినప్పుడు మెదడులో విడుదలయ్యే ఓపియాయిడ్ల పనిని అడ్డుకుని తహతహను తగ్గిస్తుంది. డైసల్ఫిరామ్ అనే మరో మందు కోరికను తగ్గించేది కాదు. ఒంట్లో మద్యం విరిగిపోయే క్రమాన్ని మధ్యలో ఆపి, తాగితే వాంతులు, గుండెదడ కలిగిస్తుంది. దీన్ని భర్తకు తెలియకుండా అన్నంలో కలిపే ఇల్లాలి నిస్సహాయత అర్థం చేసుకోదగినదే అయినా, సంగతి తెలియని ఆ మనిషి ఎక్కువగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణమే పోవచ్చు.

ఏ మందూ పాత మూటను చెరిపేయదు. మాన్పించడమంటే దాని మీద కొత్త పాఠం రాయడం, ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటికే ఎక్కువగా కట్టుబడి ఉంటుంది. డీ-అడిక్షన్ కేంద్రంలో నెల రోజులపాటు కోరికే కలగని మనిషికి, ఊరి బస్టాండులో దిగి పాత స్నేహితుడి పిలుపు వినగానే నోరు పీకడం మొదలయ్యేది అందుకే. ఇంటికి పంపేముందు, ఆ రోజు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడుంటాడో, ఏ దారిన నడుస్తాడో, వెంట ఎవరుంటారో వైద్యులు అడిగి తెలుసుకునేది కూడా అందుకే.