మీకు తెలుసా? ఈమెయిల్‌లో ‘క’ రాయాలన్నా మైమ్ కావాలి

మైమ్ అనగానే మూకాభినయం, సింగీతం శ్రీనివాసరావు మాటల్లేకుండా తీసిన ‘పుష్పక విమానం’ (1987) గుర్తొస్తాయి. కంప్యూటర్లో మైమ్ వేరు. అది 1992లో బోరెన్‌స్టైన్, ఫ్రీడ్ రాసిన ఈమెయిల్ ప్రమాణం. పేరు కలిసింది దాని ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాల వల్లే. తెలుగుకు మాత్రం ఈ రెండోదే ప్రాణాధారమని నా వాదన. అంతకుముందు ఈమెయిల్ ఇంగ్లిషు అక్షరాలనే మోసేది. కొయ్యూరు నుంచి నర్సీపట్నానికి పంపే మెయిల్‌లో ‘క’ రాస్తే, అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో అది 3 బైట్లు. మైమ్ వాటిని బేస్64 పద్ధతిలో 4 మామూలు గుర్తులుగా మార్చి దాటించగలదు. ఇప్పటి సర్వర్లు ఆ బైట్లను నేరుగానే మోస్తున్నాయి కదా, ఇంకా మైమ్ ఎందుకని అడగొచ్చు. మోయడం వేరు, చదవడం వేరు. ఆ బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పే చీటీ లేకపోతే ‘క’ బదులు అర్థంకాని గుర్తులు రావచ్చు. ఆ చీటీ అంటించేది మైమే. ఫొటోకీ, పీడీఎఫ్‌కీ వాటి రకం చెప్పే చీటీ కూడా అదే అంటిస్తుంది.